‘ఎవరైనా మాట్లాడతారా?’ అంటే అందరూ ఎందుకు తల దించుకుంటారు?

విజయవాడలో పుస్తకాలకు కొరత లేదు. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులు, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు, జనవరి వస్తే పుస్తక మహోత్సవం. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది కూడా ఈ బెజవాడలోనే. కొరతంతా చర్చ దగ్గరే. నెలకోసారి కలిసే పుస్తక బృందాల్లో వరస దాదాపు ఒకటే. పాతిక మంది వస్తారు, ముగ్గురు మాట్లాడతారు. "ఇప్పుడు సభ్యులు తమ అభిప్రాయాలు చెప్పవచ్చు" అనగానే మిగతావాళ్లు పుస్తకం తిప్పి వెనక అట్ట చదువుతారు. సభ అయ్యాక కింద టీ కొట్టు దగ్గర మాత్రం అదే జనం అదే పుస్తకం మీద అరగంట వాదించుకుంటారు.

దీన్ని మొహమాటం అని సరిపెట్టేస్తుంటాం. మొహమాటమే అయితే మెట్లు దిగగానే ఎలా పోయింది? మనస్తత్వ శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా చేసిన ప్రయోగాలు చూస్తే, తప్పు మనుషుల్లో కంటే ఏర్పాట్లలోనే ఎక్కువ ఉందనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం 1987లో డేల్ మిల్లర్, క్యాథీ మెక్‌ఫార్లండ్ చేసింది. విద్యార్థులను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, కావాలనే అర్థం కాకుండా రాసిన వ్యాసం ఒకటి చదవమన్నారు. మరీ ఇబ్బందిగా ఉంటే వచ్చి అడగవచ్చని కూడా చెప్పారు. ఒక్కరూ లేవలేదు. అడిగితే పరువు పోతుందని ఎవరికి వారే ఆగిపోయారు. కానీ పక్కవాళ్లు ఎందుకు అడగలేదంటే, వాళ్లకు అర్థమయ్యే ఉంటుందనుకున్నారు. తన మౌనానికి సిగ్గు కారణమని తెలుసు. ఎదుటివాడి మౌనం మాత్రం తెలివిలా కనబడుతుంది. పుస్తక చర్చలో జరిగేది అచ్చంగా ఇదే. నవలలో ఆ చివరి అధ్యాయం పాతిక మందిలో ఇరవై మందికి కొరుకుడు పడకపోయినా, ప్రతివాళ్లూ తామొక్కరమే వెనకబడ్డామనుకుంటారు. అలాంటప్పుడు "దయచేసి మొహమాటపడకండి" అని బతిమాలినందువల్ల ఒరిగేదేమీ లేదు. బాగా చదువుతారని పేరున్న మనిషి ముందుగా "నాకు ఈ అధ్యాయం సగమే అర్థమైంది" అని నిజాయతీగా అంటే చాలు, గదిలో టెన్షన్ దిగిపోతుంది. మన సభల్లో పెద్దలు ఈ మాట అనడం అరుదు.

రెండోది సమయం. పది భాషల్లో అవును-కాదు ప్రశ్నలకు జనం ఎంత త్వరగా జవాబిస్తున్నారో 2009లో ఒక పరిశోధక బృందం కొలిచింది. ఆ పదింటిలో తెలుగు లేదు. మొత్తం మీద సగటు వ్యవధి సెకనులో ఐదో వంతు. ఒక బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే అర సెకను పైన పడుతుంది. అంటే ఎదుటివాళ్లు మాట పూర్తి చేయకముందే మన జవాబు లోపల తయారవుతూ ఉంటుందన్నమాట. మాట్లాడే అలవాటున్నవాళ్లు ఆ సందును ఇట్టే పట్టేస్తారు. ఆలోచించి చెప్పేవాళ్లకు ఆ సందు దొరకదు. దొరికే వేళకు విషయం మారిపోయి ఉంటుంది.

ఇలా వంతు కోసం ఆగడంలోనే ఆలోచన ఎలా ఆవిరవుతుందో డీల్, స్ట్రోబే అనే ఇద్దరు పరిశోధకులు 1987లో చక్కగా చూపించారు. మనుషులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒక విషయం మీద తోచిన ఆలోచనలన్నీ పైకి చెప్పమన్నారు. మరొకరు మాట్లాడుతున్నంతసేపు ఎదురుగా దీపం వెలిగేలా పెట్టారు. దీపం వెలుగుతుంటే నోరు మెదపకూడదు. కొందరికైతే అవతలివాళ్ల మాటలు కూడా వినబడవు. సిగ్గుపడటానికి ఎదురుగా ఎవరూ లేరు. అయినా ఆగకుండా చెప్పుకుపోయినవాళ్లతో పోలిస్తే వీళ్ల ఆలోచనలు బాగా తగ్గిపోయాయి. అందుకే చర్చ మొదలయ్యేముందు రెండు నిమిషాలు ఇచ్చి తలా ఒక చీటీ మీద ఒక వాక్యం రాయించడం చాలా మంచి పద్ధతి. ఆ వాక్యం ఎక్కడికీ పోదు. వంతు వచ్చినప్పుడు చదివేయవచ్చు.

ప్రశ్న వేసినవాళ్లు ఆగడం కూడా నేర్చుకోవాలి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల్లో టేపులు పెట్టి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ తర్వాత తామే జవాబు చెప్పడమో, ఇంకొకరిని లేపడమో చేస్తున్నారు. మూడు సెకన్లు ఆగమని అలవాటు చేయిస్తే జవాబులు పొడవయ్యాయి, అడగకుండానే చెప్పే పిల్లలు పెరిగారు, జవాబు రాని ప్రశ్నలు తగ్గాయి. మూడు సెకన్లంటే మన నిర్వాహకులకు యుగంలా ఉంటుంది. ఈలోపే "సరే, సమయం మించిపోతోంది కాబట్టి వందన సమర్పణ..." అనేస్తారు.

ఇక కుర్చీలు. చర్చ పేరుతో మనం పెట్టేది నిజానికి సభ. ముందు వేదిక, దాని మీద అధ్యక్షులు, మైకు, శాలువా. కింద వరసగా కుర్చీలు, కనబడేవి ముందువాళ్ల వీపులు. 1950ల చివర్లో రాబర్ట్ సోమర్, హ్యూ రాస్ అనే పరిశోధకులు కెనడాలో ఒక ఆసుపత్రిలోని వృద్ధుల వార్డు చూశారు. కొత్త సామాను, మంచి రంగులు అన్నీ ఉన్నా రోగులు పలకరించుకోవడం లేదు. కుర్చీలన్నీ గోడల వెంట పక్కపక్కనే ఆనించి ఉన్నాయి. వాటిని తీయించి చిన్న చిన్న బల్లల చుట్టూ ఎదురెదురుగా వేయిస్తే కొన్ని వారాల్లో మాటలు బాగా పెరిగాయి. అయితే మొదట్లో ఆ మార్పు రోగులకూ నచ్చలేదు, సిబ్బందికీ నచ్చలేదు. మన దగ్గర కుర్చీలు గుండ్రంగా వేసినా గొడవ తప్పదు. మొట్టమొదట వచ్చే ప్రశ్న, అధ్యక్షులవారిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది.