ఆకు కోసిందెవరు?

పోయిన వానాకాలం గుంటూరులో మా ఇంటి ముందు నాటిన కానుగ మొక్క ఆకులు, అంచుల్లో ఎవరో కత్తెరతో గుండ్రంగా కోసినట్టు కనిపించాయి. పక్కింటాయన మిరప చేలో మిగిలిన మందు డబ్బా తెచ్చేశారు. "ఒక్కసారి కొడితే పోతుందండీ" అన్నారు. మా ఊళ్ళో ఆకు కాస్త తేడాగా ఉంటే చెయ్యి స్ప్రేయర్ మీదికి పోతుంది మరి.

అది తిన్న ఆకు కాదు. గొంగళిపురుగు కొరికితే అంచు గరుకుగా, వంకరటింకరగా ఉంటుంది, కింద నల్లటి పెంటికలు రాలి ఉంటాయి. ఇక్కడ కోత అర్ధ రూపాయి బిళ్ళ పెట్టి గీసినంత నున్నగా ఉంది. ఆకులు కత్తిరించే, ఒంటరిగా బతికే తేనెటీగ పని ఇది. ఎండెక్కాక మొక్క దగ్గర నిలబడితే దొరికిపోతుంది: అంచు మీద వాలి, గుండ్రంగా తిరుగుతూ క్షణాల్లో ముక్క కోసి, కాళ్ళ మధ్య చుట్టి పట్టుకుని ఎగిరిపోతుంది. ఆ ముక్కలతో ఏ గోడ కన్నంలోనో చిన్న చిన్న గదులు కడుతుంది. గదికో పుప్పొడి ముద్ద, దాని మీద ఒక గుడ్డు. కంది పూలకు పరాగం మోసేవాటిలో ఈ జాతి తేనెటీగలు ముఖ్యమైనవి. మందు కొడితే చచ్చేది అవి.

మిరప రైతుకు ఆకు చదవడం కొత్త కాదు. పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి (మంచం నల్లి కాదు, ఆకు రసం పీల్చే మైట్) అని దూరం నుంచే చెప్పేస్తాడు. ఆ చూపు చెట్ల మీద కూడా పెడితే చాలు.

కానుగ ఆకు మీద వేలి కొసలాంటి బొడిపెలు వస్తే అదీ నల్లి పనే, కంటికి ఆననంత చిన్నది. నల్లులకు మామూలుగా ఎనిమిది కాళ్ళు, దీనికి నాలుగే. అది రేపిన చికాకుకి ఆకే ఉబ్బి దానికి ఇల్లు కట్టి పెడుతుంది. లోపల కూర్చున్నదానికి పైన కొట్టిన మందు ఎక్కడ తగులుతుంది? బొడిపెల ఆకులు కొన్నే ఉంటే తుంచేయండి, ఎక్కువుంటే వదిలేయండి. చూడ్డానికి వికారమే గానీ చెట్టు చావదు.

రేల మొక్క ఆకులు మాయమైతే ఈనె వెంబడి పడుకున్న పచ్చటి పురుగును వెతకండి. కొన్ని వారాల్లో అది పసుపు సీతాకోకచిలుక. పెద్ద చెట్టయితే లెక్కచేయదు. మూరెడు మొక్కకు మాత్రం నిల్వ తిండి తక్కువ, పదేపదే బోడి అయితే తట్టుకోలేదు. పురుగుల్ని చేత్తో ఏరేయడమే మేలు. మరీ ఎక్కువైతే లీటరు నీళ్ళకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొట్టాలి.

నేను నిజంగా టెన్షన్ పడేది వేప మొక్క విషయంలోనే. చిగుళ్ళు కాలినట్టు గోధుమరంగుకు తిరిగి కొమ్మ కొస నుంచి ఎండుతూ వస్తే అది తేయాకు దోమ (పేరుకే దోమ, చిగుళ్ళ రసం పీల్చే పురుగు) కావచ్చు, శిలీంధ్రం కావచ్చు, రెండూ కలిసీ కావచ్చు. గుంటూరు దగ్గరి లాం ఫారంలో, అంటే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, ఒక కొమ్మ చూపించి అడగండి. ఎండిన చోటికి జానెడు కింద, పచ్చి భాగంలో కోయాలి. కోసిన కొమ్మల్ని మొక్క మొదట్లో పడేయకండి, దూరంగా తీసుకెళ్ళి పూడ్చేయండి.