25కి 9 వచ్చిన పేపరు

దేవరకొండ దిక్కు ఒక గురుకులంలో ఇంటర్ ఫస్టియర్ అమ్మాయికి లెక్కల స్లిప్ టెస్టులో 25కి 9 వచ్చాయనుకుందాం. "లెక్కలు నాతోని కావు సార్" అంటుంది. "అట్లనకు బిడ్డా, నువ్వు శానా తెలివైనదానివి" అంటారు సార్. ప్రేమతో అన్నదే, కానీ పేపరులో ఏం తప్పిందో ఆ మాటలో లేదు.

ఇద్దరూ అమ్మాయికే వెల కడుతున్నారు. ఆమె తక్కువ కట్టింది, ఆయన ఎక్కువ కట్టారు. మనస్తత్వ శాస్త్రంలో ఆత్మాభిమానం అంటే మనిషి తనకు తాను కట్టుకునే ఈ వెలే (తెలంగాణలో ఆత్మగౌరవం అనే మాట బరువు వేరు, దాన్ని ఇందులో కలపొద్దు). 1890లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ దాన్ని భాగహారంగానే రాశాడు: సాధించినది పైన, ఆశించినది కింద. ర్యాంకు మీద ఆశ పెరిగితే అవే మార్కులకు వెల పడిపోతుంది. 1986లో కాలిఫోర్నియా రాష్ట్రం ఆత్మాభిమానం పెంచడానికి ప్రత్యేక కమిటీయే వేసింది. 2003లో మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బామీస్టర్ బృందం అప్పటిదాకా జరిగిన పరిశోధనలను జల్లెడ పట్టి, అది పెంచినందువల్ల చదువు మెరుగవుతుందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చింది. పొగడ్త ఎదురు తిరగడమూ ఉంది. 1998 నాటి ఒక ప్రయోగంలో తెలివిని మెచ్చుకున్న ఐదో తరగతి పిల్లల్లో దాదాపు 40 శాతం మంది తర్వాత తమ స్కోరును ఎక్కువ చేసి చెప్పారు.

మానసిక చికిత్సకుడు ఆల్బర్ట్ ఎల్లిస్ చెప్పిన దారి వేరు: పనికి మార్కులు వేయండి, మనిషికి వేయకండి. తనను తాను ఒప్పుకోవడం అంటే ఇదే.

చేయించడం ఇలా. పేపరిచ్చిన మర్నాడు స్టడీ అవర్‌లో 15 నిమిషాలు చాలు; అదే రోజైతే ఏడుపు ఆగదు. "నాతోని కావు" అన్నది కొట్టేసి, "డిటర్మినెంట్ లెక్క రెండుసార్లు తప్పిన" అని రాయించాలి. తర్వాత పోయిన ప్రతి మార్కు పక్కన ఒక అక్షరం: తెలియకపోతే తె, పొరపాటైతే పొ, టైం చాలకపోతే టై. పోయిన 16లో పొ 7, తె 6, టై 3 అని తేలిందనుకోండి. ఆ ఏడూ డిటర్మినెంట్ విప్పేటప్పుడు కోఫ్యాక్టర్ల ప్లస్, మైనస్ గుర్తుల దగ్గరే పోతే, లెక్క మొదలుపెట్టకముందే పెన్సిల్‌తో గుర్తుల గడి గీసుకోవడమే మందు. తె ఉన్నచోట సార్ మళ్లీ చెప్పాలి, ఎంత ధైర్యం చెప్పినా అది నిండదు.

ఇది చెడేది ఎక్కువగా రెండు చోట్ల. పేపరు క్లాసులో అందరి ముందు చదివితే పిల్ల అక్షరాలు అబద్ధం రాస్తుంది, అన్నీ పొ లే. రెండోది, "నేనింతే" అని కూర్చోవడం. అది ఒప్పుకోవడం కాదు, చేతులెత్తేయడం. రేపు చేయాల్సిన పని ఒకటి కాగితం మీద లేకపోతే అనుమానించాల్సిందే. అలాగని తనమీద తాను దయ చూపితే పిల్లలు మెతకబడతారన్న భయం అక్కర్లేదు. 2012లో అచ్చయిన ఒక ప్రయోగంలో, కఠినమైన పదాల పరీక్ష తర్వాత తమమీద తాము దయ చూపమని చెప్పించుకున్న విద్యార్థులు, ఆత్మాభిమానం పెంచే మాటలు విన్నవాళ్లకంటే ఎక్కువసేపు చదివారు.

దసరా సెలవులకు ఇంటికి పోతే చిన్నమ్మ ఎట్లాగూ అడుగుతుంది, ఎన్నొచ్చినయని. "తొమ్మిది, చిన్నమ్మా. ఏడు గుర్తుల కాడ పోయినయి, అవి ఈ వారం సరిజేసుకుంటా."