కేబుల్ బ్రేకులు: నట్టు బిగిస్తే బండి ఆగదండీ

"కేబుల్ సాగింది, కాస్త బిగించండి చాలు." తీగతో (కేబుల్‌తో) లాగే బ్రేకులున్న పాత కార్ల వాళ్ళ నోట నేను ఎక్కువగా వినే మాట ఇదే. డబ్బు తగలేసేదీ ఇదే, ప్రాణం మీదికి తెచ్చేదీ ఇదే, అందుకే మిగతా అపోహలు తర్వాత చూద్దాం.

మంచి స్టీలు కేబుల్ కొత్తలో కొంచెం సర్దుకుంటుంది అంతే, ఏళ్ళ తరబడి సాగుతూ పోదు. అరిగేది లైనర్, అంటే చక్రంతో తిరిగే డ్రమ్ముని లోపలి నుంచి ఒత్తే షూ మీది రాపిడి పొర. లైనర్ అరిగిన కొద్దీ షూ డ్రమ్ముని తాకడానికి కామ్ (షూలని బయటికి నెట్టే ముక్క) ఎక్కువ తిరగాలి, దాంతో పాటు కేబుల్ లాగి కామ్‌ని తిప్పే లివరూ ఎక్కువ వాలుతుంది. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు లివర్‌కీ కేబుల్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలకి కాస్త ఇటే ఉండాలి, కాలి బలం బాగా అందేది అక్కడే. అది దాటి 135 దాకా పోయిందంటే దాదాపు 30 శాతం బలం పోయినట్టే. మీరు కేబుల్ బిగించే నట్టు తిప్పితే ఆ వాలిన లివర్ వాలినట్టే ఉంటుంది, పెడల్ మాత్రం పైకొచ్చి కాలికి గట్టిగా తగులుతుంది, హమ్మయ్య అనుకుంటారు, బండి మాత్రం ఆగదు. ఇంకా ముదిరితే కామ్ అడ్డం తిరిగి చక్రం పట్టేసే ప్రమాదం కూడా ఉంది.

ఆ మధ్య ఒక పెద్దాయన 1934 ఆస్టిన్ సెవెన్ అనే చిన్న బ్రిటిష్ కారు తెచ్చారు, వాళ్ళ నాన్నగారి బండి. వేరే చోట కొత్త కేబుళ్ళు వేయించారు, అయినా భయం పోక మనవరాలిని ఎక్కించుకోవడమే మానేశారట. కింద దూరి చూస్తే నట్టు మర చివరికి వచ్చేసింది, వెనక ఎడమ లివర్ కేబుల్ వైపు పూర్తిగా వాలిపోయి ఉంది. డ్రమ్ము విప్పితే లోపల లైనర్‌ని షూకి బిగించే రివెట్లు గీసిన గాడులు, లైనర్ అంతగా అరిగిపోయింది. "అంకుల్, మీ భయం కరెక్టే, తప్పు కేబుల్‌ది కాదు" అని ఆయనకి ఆ గాడుల మీద వేలు పెట్టించి చూపించా. డ్రమ్ములు లేత్ మీద సాఫు చేయించి, మెత్తటి లైనర్లు వేసి, డ్రమ్ము లోపల సుద్ద రాసి తిప్పి షూ ఎక్కడెక్కడ తగులుతుందో చూసుకుంటూ రుద్దాం. షూ దగ్గర అడ్జస్టర్ ఉన్న బండైతే అక్కడే సరిచేయాలి, లేకపోతే కామ్ వైపు షూ చివర ప్యాకింగ్ రేకు పెట్టాలి. కేబుల్ చివరి పని. నాలుగు చక్రాలూ స్టాండ్ల మీద లేపి, పెడల్‌కీ సీటుకీ మధ్య కర్ర ముక్క బిగించి ఒక్కో చక్రం చేత్తో తిప్పండి, ఎక్కువ పట్టిన దాన్ని లూజు చేస్తూ పోతే నాలుగూ సమానం అవుతాయి.

ఇక మిగతావి గబగబా. కేబుల్ తీసి హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేకు వేయిస్తే అన్నీ పోతాయంటారు, వంకర డ్రమ్ము హైడ్రాలిక్‌కీ వంకరే కదా, నూనె కారి తడిసిన లైనర్ దేనికీ పట్టదు. గట్టి లైనర్ ఎక్కువ కాలం వస్తుందని వేస్తారు, నిజమే వస్తుంది, కానీ చల్లగా ఉన్నప్పుడు ఈ చిన్న బండ్లలో సరిగ్గా పట్టదు. 1930కి ముందు ఆస్టిన్ సెవెన్‌లో పెడల్ వెనక చక్రాలకే, ముందు చక్రాలకి చేతి బ్రేకు, ఇది తెలీక ఒక్క పెడలే తొక్కి బ్రేకులు లేవంటారు, రెండూ కలిపి వాడాలి. ఎంత బాగా సెట్ చేసినా 70 కిలోమీటర్ల వేగంలో ఆపాలంటే 50లో కంటే దాదాపు రెట్టింపు దూరం కావాలి, ముందు బండికి ఆ జాగా వదలండి.

ఒక్కటి మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్తా, పాత లైనర్ల దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదేయకండి, అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ ఆరకముందే కవర్లో కట్టేయండి, అది అయ్యేదాకా పిల్లల్ని షెడ్డు దగ్గరికి రానివ్వకండి.