గిల్లిన చిగురు కింద

తులసి మొక్క ఒకే కాడతో నిటారుగా పెరిగిపోతుంటే మా అమ్మ పైచిగురును గోటితో గిల్లేసేది. రెండు వారాలు తిరిగేసరికి గిల్లిన చోటు కింద రెండు కొమ్మలు వచ్చేవి. వాటినీ గిల్లితే నాలుగు. తులసికి ప్రతి కణుపు దగ్గర ఎదురెదురుగా రెండేసి ఆకులుంటాయి కాబట్టి కొమ్మలూ జంటగానే వస్తాయి.

ఒకసారి ఆకు కాడ కాండాన్ని కలిసే పంగలోకి భూతద్దం పెట్టి చూడండి. ఆవగింజలో సగం కూడా లేని లేతాకుపచ్చ బుడిపె ఒకటి కనిపిస్తుంది. రాబోయే కొమ్మ అదే. మనం గిల్లకముందే అది తయారై ఉంది. పైనున్న కొన దాన్ని లేవనివ్వడం లేదు. వృక్షశాస్త్రంలో దీని పేరు అగ్రాధిక్యత.

ఇంత చిన్న కొన అంత దూరంలో ఉన్న మొగ్గను ఎలా ఆపగలుగుతోంది? 1920లలో డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల కొనలు కోసి అగర్ అనే జెల్లీ ముక్కల మీద నిలబెట్టారు. కొనల్లోంచి ఏదో పదార్థం అగర్‌లోకి దిగింది. ఆ అగర్ ముక్కను తల కోసిన మొలక మీద పెడితే మొలక మళ్లీ పెరిగింది. ఆ పదార్థమే ఆక్సిన్. తర్వాతి దశకంలో కెన్నెత్ థిమన్, ఫోక్ స్కూగ్ ఒక చిక్కుడు రకం మొక్కల తలలు తీసేసి, కోసిన చోట ఆక్సిన్ ఉంచారు. కొన లేకపోయినా పక్క మొగ్గలు కదల్లేదు. కొన నుంచి ఆక్సిన్ కిందికి దిగుతూ మొగ్గల్ని అణచి ఉంచుతుందన్న వివరణ అలా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. నేనూ అదే చదువుకున్నాను.

కానీ ఆ లెక్కలో ఒక చిక్కు ఉంది. ఆక్సిన్ కాండంలో గంటకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే నడుస్తుంది. బఠానీ మొక్క తల తుంచితే, చాలా కింద ఉన్న మొగ్గలు ఆక్సిన్ తగ్గుదల తమ దాకా రాకముందే ఉబ్బడం మొదలుపెడతాయి. మరి వాటికి కబురు ఎవరు చెప్పారు? 2014లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీన్ బెవరిడ్జ్ బృందం చూపించిన జవాబు నాకు ఎంతగానో నచ్చింది: చక్కెర. ఆకులు వండిన చక్కెరలో పెద్ద వాటాను ఎదుగుతున్న కొన లాగేసుకుంటుంది. కొన పోగానే ఆ చక్కెర కొద్ది గంటల్లోనే కింది మొగ్గలకు మళ్లుతుంది. తల తుంచని మొక్కకు బయటి నుంచి చక్కెర అందించినా మొగ్గలు కదిలాయి. అంటే మొగ్గ ఇన్నాళ్లూ ఆకలితో ఉందన్నమాట. మొదటి కదలిక తిండి వల్ల వస్తే, ఆ తర్వాత కొమ్మగా సాగడంలో ఆక్సిన్ పాత్ర ఉంటుంది. చిగురు గిల్లినప్పుడు కింది ఆకుల్ని ఉంచాలని నేను పట్టుబట్టేది అందుకే. మొగ్గకు భోజనం పెట్టేది అవే.

వేళ్లకూ ఈ వ్యవహారంలో మాట ఉంది. వేళ్లలో తయారయ్యే స్ట్రైగోలాక్టోన్లు అనే హార్మోన్లు కొమ్మలు రాకుండా ఆపుతాయని 2008లో తేలింది. నేలలో భాస్వరం తక్కువైతే ఇవి పెరుగుతాయి, కొమ్మలు తగ్గుతాయి.

రైతులు ఈ సూత్రాన్ని రెండు వైపులా వాడుకుంటారు. మునగ మొక్క 75 సెంటీమీటర్లకు రాగానే తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి కాయలు చేతికందుతాయి. పొగాకు రైతు కూడా తల తుంచుతాడు, పువ్వుకు పోయే బలం ఆకుకు పట్టాలని. కానీ తల పోగానే ప్రతి పంగలోంచీ పిలకలు లేస్తాయి, వాటిని మళ్లీ మళ్లీ తీయాలి. తులసి పెంచేవారు కోరుకునే కొమ్మే పొగాకు చేలో కూలి ఖర్చు.

తుంచకుండా వంచినా పని జరుగుతుంది. జామ తోటల్లో కొమ్మల్ని వంచి తాళ్లతో కిందికి కడతారు. కొన తల దించగానే కొమ్మ పొడవునా ఉన్న మొగ్గలు లేచి, ఆ కొత్త చిగుళ్లకు పూత వస్తుంది. కెనడాలో 2018 నుంచి చాలా రాష్ట్రాల్లో ఇంటికి నాలుగు గంజాయి మొక్కల వరకు పెంచుకోవడం చట్టబద్ధం. అక్కడ గదుల్లో దీపాల కింద పెంచేవారు లేత మొక్కల తల తుంచి, కొమ్మల్ని పక్కలకు వంచి కట్టడం ఇందుకే. దీపానికి దూరమయ్యే కొద్దీ వెలుగు వేగంగా తగ్గుతుంది కాబట్టి, నిటారు మొక్క కన్నా బల్లపరుపుగా పరుచుకున్న మొక్కకే అది సమంగా అందుతుంది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం ఇళ్లలో గంజాయి పెంచడం నేరం.

అన్ని మొక్కలకూ ఈ రెండో అవకాశం లేదు. కొబ్బరి చెట్టు ఆకు పంగల్లోనూ మొగ్గలుంటాయి, కానీ అవి కొమ్మలు కావు, పూగెలలవుతాయి. చెట్టు మొత్తానికి ఎదిగే కొన ఒక్కటే, మొవ్వు. అందుకే తుపాను వెలిశాక కొబ్బరి రైతు రాలిన కాయల్ని లెక్కపెట్టడానికి ముందు తలెత్తి మొవ్వు చూస్తాడు. మట్టలన్నీ విరిగినా అది నిలిచి ఉంటే చెట్టు కోలుకుంటుంది. నడిమి ఆకు లాగితే ఊడి చేతికొచ్చిందంటే, కాండం ఎంత గట్టిగా నిలబడి ఉన్నా ఆ చెట్టు మీద ఆశ వదులుకోవలసిందే.