లార్డ్ మేయో: పేరు దగ్గరే మొదలయ్యే అపోహలు, వాస్తవాలు

1869 నుంచి 1872 దాకా ఇండియా వైస్రాయ్‌గా ఉన్న లార్డ్ మేయోకి పోటీ పరీక్షల మెటీరియల్‌లో దక్కేది మూడు బిట్లు: 1870 ఆర్థిక వికేంద్రీకరణ, మొదటి జనాభా లెక్కలు, అండమాన్‌లో హత్య. మూడూ గుర్తుంటాయి కానీ మూడింటికీ ఏదో ఒక పొరపాటు అంటుకునే ఉంటుంది. ఇక ఆయన కుటుంబం గురించి రాసేటప్పుడైతే సొంత అన్నదమ్ముల్ని కూడా సంబంధం లేనివాళ్లను చేసేస్తున్నారు. వలస పాలన చరిత్ర బోధించేవాళ్లకు, పాత రికార్డులు తిరగేసేవాళ్లకు పదే పదే ఎదురయ్యే తప్పులు ఇవి.

అపోహ: మేయో అనేది ఆయన ఇంటిపేరు.

ఇంటిపేరు బర్క్. పూర్తి పేరు రిచర్డ్ సౌత్‌వెల్ బర్క్. 1822 ఫిబ్రవరి 21న డబ్లిన్‌లో పుట్టాడు, ట్రినిటీ కాలేజీలో చదివాడు. ఎర్ల్ ఆఫ్ మేయో (ఎర్ల్ అంటే బ్రిటిష్ ప్రభువుల్లో ఒక హోదా) అనేది 1785లో వాళ్ల వంశానికి వచ్చిన బిరుదు. మేయో ఐర్లండ్ పడమటి తీరంలోని ఒక కౌంటీ పేరు కాబట్టి వాళ్ల ఊరు కూడా అక్కడే అనుకుంటారు. కానీ వీళ్ల ఎస్టేటు పామర్స్‌టౌన్ ఉన్నది డబ్లిన్ పక్కనున్న కిల్డేర్ కౌంటీలో.

రికార్డుల్లో ఆయన్ని పట్టుకోవాలంటే రెండు తేదీలు దగ్గర పెట్టుకోవాలి. 1849 మే వరకు ఆయన మిస్టర్ బర్క్. ఆ నెలలో పెద్ద తాత వరసయ్యే నాలుగో ఎర్ల్ చనిపోయి తండ్రి ఐదో ఎర్ల్ అయ్యాడు. ఎర్ల్ పెద్దకొడుకు తండ్రికున్న బిరుదుల్లో కింది మెట్టుది వాడుకోవడం వాళ్ల ఆనవాయితీ. అలా 1849 నుంచి 1867 ఆగస్టు దాకా ఈయన లార్డ్ నాస్. తండ్రి పోయాక ఆరో ఎర్ల్ ఆఫ్ మేయో. ఐర్లండ్ చీఫ్ సెక్రటరీగా 1852లో, మళ్లీ 1858-59లో, మళ్లీ 1866-68లో పనిచేసింది ఒక్కడే మనిషి. సూచికలో మాత్రం లార్డ్ నాస్ ఒక చోట, మేయో ఇంకో చోట ఉండేసరికి ఇద్దరనుకుంటారు. పార్లమెంటు చర్చలు వెతికేటప్పుడు ముందు సంవత్సరం చూసి ఆ తర్వాత ఏ పేరుతో వెతకాలో తేల్చుకోండి. 1855 నాటి కాగితంలో "ఎర్ల్ ఆఫ్ మేయో" అని కనిపిస్తే అది తండ్రి. 1900 నాటిదైతే కొడుకు. మన వైస్రాయ్ ఆ పేరుతో ఉన్నది నాలుగున్నరేళ్లే.

అపోహ: ఎర్ల్ కాబట్టి ప్రభువుల సభలో కూర్చున్నాడు.

ఇది మంచి మంచి పుస్తకాల్లో కూడా కనిపించే తప్పు. ఐర్లండ్ బిరుదు ఉన్నంత మాత్రాన వెస్ట్‌మినిస్టర్ ప్రభువుల సభలో సీటు వచ్చేది కాదు. ఐరిష్ ప్రభువులంతా కలిసి తమలో 28 మందిని ప్రతినిధులుగా ఎన్నుకునేవారు, వాళ్లకే ఆ సభ. మిగతావాళ్లు కావాలంటే కామన్స్ సభకు పోటీ చేయొచ్చు. కాకపోతే ఐర్లండ్ నియోజకవర్గం నుంచి కుదరదు, బ్రిటన్ నియోజకవర్గమే కావాలి. ఈయన 1847 నుంచి కిల్డేర్‌కి, 1852 నుంచి కోల్‌రేన్‌కి సభ్యుడు. రెండూ ఐర్లండ్‌వే. 1857లో ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న కాకర్‌మౌత్‌కి మారాడు. 1867లో తండ్రి బిరుదు చేతికొచ్చినా సభ్యత్వం పోకపోవడానికి కారణం అదే. "ఎర్ల్ అయ్యాడు, కామన్స్‌లో ఎలా ఉన్నాడు" అని తేదీల్నే అనుమానించనక్కర్లేదు.

అపోహ: అమెరికాలోని మేయో క్లినిక్ ఈయన పేరు మీద పెట్టిందే.

ఏ సంబంధమూ లేదు. అది ఇంగ్లండ్‌లో పుట్టి మిన్నెసోటాలో స్థిరపడిన విలియం వొరల్ మేయో అనే డాక్టరు కుటుంబానిది. లాహోర్‌లోని మేయో ఆసుపత్రి, బెంగళూరు మేయో హాల్, అజ్మీర్ మేయో కాలేజీ మాత్రం ఈయన పేరుతో ఉన్నవే. అయితే మేయో కాలేజీని ఈయన ప్రారంభించలేదు. 1870లో అజ్మీర్ దర్బారులో రాజపుత్ర రాజుల ముందు ఆ ఆలోచన పెట్టాడు. కాలేజీ తెరిచింది 1875లో, అప్పటికి ఆయన పోయి మూడేళ్లు.

అపోహ: మద్రాసు గవర్నరు కన్నెమరాకి, మేయోకి చుట్టరికం లేదు.

సొంత తమ్ముడు. మద్రాసు కన్నెమరా గ్రంథాలయం తెలియని తెలుగు పుస్తకప్రియులు తక్కువే. చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరే గ్రంథాలయాల్లో అదొకటి, మన తెలుగు పుస్తకాలూ అక్కడికి వెళ్తాయి. ఆ పేరు వెనక మనిషి రాబర్ట్ బర్క్, 1827లో పుట్టాడు. 1886 నుంచి 1890 దాకా మద్రాసు గవర్నరు, అంటే గంజాం నుంచి అనంతపురం దాకా అప్పటి ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకూ ఆయనే గవర్నరు. లార్డ్ కన్నెమరా అనే బిరుదు వచ్చింది పదవిలోకి వచ్చాక, 1887లో. అందుకే 1886 చివరి కాగితాల్లో కన్నెమరా అని వెతికితే ఏమీ రాదు, బర్క్ అని వెతకాలి. గ్రంథాలయానికి 1890 మార్చిలో శంకుస్థాపన చేశాడు కానీ అది తెరుచుకునే నాటికి, అంటే 1896కి, ఆయన ఇండియాలోనే లేడు.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. రాబర్ట్ భార్య లేడీ సుసాన్ ఎవరో కాదు, సంస్థానాల్ని కలిపేసుకున్న గవర్నర్ జనరల్ డల్హౌసీ కూతురు. 1863లో పెళ్లయింది, 1890లో విడాకులయ్యాయి, ఆ ఏడాదే ఆయన గవర్నరు పదవి వదిలేశాడు. పిల్లలు లేనందువల్ల 1902లో ఆయనతోనే కన్నెమరా బిరుదు ఆగిపోయింది. డల్హౌసీ, కన్నెమరా, మేయో అని మూడు వేర్వేరు పాఠాల్లో చదివే పేర్లు నిజానికి ఒక మామ, ఆయన అల్లుడు, ఆ అల్లుడి అన్న.

అపోహ: 1870లో మేయో రాష్ట్రాలకు పన్నుల్లో వాటా, ఆర్థిక స్వేచ్ఛ ఇచ్చాడు.

వాటా ఇవ్వలేదు. దీన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలంటే అంతకుముందు ఎలా ఉండేదో చూడాలి. ప్రెసిడెన్సీలు ఏటా ఖర్చుల అంచనా పంపేవి, కలకత్తాలోని కేంద్ర ప్రభుత్వం మంజూరు చేసేది. ఏడాది చివరికి మిగిలిన డబ్బు కేంద్రానికి తిరిగి పోయేది. కాబట్టి ఎక్కువ అడగడం, వచ్చింది ఎలాగోలా ఖర్చు పెట్టేయడం అందరికీ అలవాటైంది. పొదుపు చేసినవాడికే నష్టం.

1870 డిసెంబరు 14 తీర్మానం చేసింది ఇదీ. జైళ్లు, పోలీసు, విద్య, రిజిస్ట్రేషన్, వైద్యం, ముద్రణ, రోడ్లు, సివిల్ భవనాల వంటి పద్దుల్ని ప్రాంతీయ ప్రభుత్వాలకు అప్పగించింది. ఆ పద్దుల మీద వచ్చే చిల్లర ఆదాయం, దానిపైన ఏటా ఒక స్థిరమైన మొత్తం వాళ్లవి. అన్ని ప్రాంతాలకూ కలిపి ఆ మొత్తం 46,88,711 పౌన్లు. మిగిలితే తిరిగి ఇవ్వక్కర్లేదు, అసలు మార్పు అదే. కానీ పాత ఖర్చు కంటే కొంత కోసేసి ఇచ్చారు. నెలకు 250 రూపాయలు దాటే కొత్త ఉద్యోగం పెట్టాలన్నా కేంద్రం అనుమతి కావాల్సిందే. భూమిశిస్తులోగానీ ఎక్సైజులోగానీ రూపాయి వాటా లేదు. అలాంటి ఆదాయ పద్దులు ప్రాంతాల చేతికి రావడం 1877లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో మొదలైంది, ఆదాయాన్ని పంచుకునే పద్ధతి 1882లో రిపన్ కాలంలో స్థిరపడింది. పరీక్షలో ఈ మూడింటినీ కలిపేసేవాళ్లే ఎక్కువ.

కోసిన లోటు ఎవరు పూడ్చారు? జనమే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871లో లోకల్ ఫండ్స్ చట్టం, పట్టణాల అభివృద్ధి చట్టం వెంటవెంటనే వచ్చాయి. శిస్తు మీద అదనంగా రోడ్డు సెస్సు పడింది. మన జిల్లాల్లో పాతకాలం వాళ్ల నోట వినిపించే "లోకల్ ఫండు" రోడ్లకు మూలం ఈ చట్టమే. వికేంద్రీకరణ అనే మాట వినగానే అధికారం కిందికి దిగిందనిపిస్తుంది కానీ ముందు దిగింది భారం. మేయోని ఆర్థిక సంస్కర్తగా మెచ్చుకునే ముందు ఈ సంగతి కూడా పక్కన రాయాలని మా గట్టి అభిప్రాయం. లోటు తీర్చడానికి 1869లో ఏడాది మధ్యలోనే ఆదాయపు పన్ను పెంచింది, 1870లో దాన్ని నూటికి మూడు దాటించింది కూడా ఈయన ప్రభుత్వమే. 1871లో మళ్లీ తగ్గించింది.

అపోహ: మేయో కాలంలో దేశమంతటా ఒకేరోజు తొలి జనగణన జరిగింది.

ఒకేరోజు కాదు, దేశమంతటా కూడా కాదు. 1872 జనాభా లెక్కలు అనేవి వేర్వేరు ప్రాంతాల్లో వేర్వేరు సమయాల్లో తీసిన లెక్కల్ని ఒకచోట చేర్చినవి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871లోనే లెక్కించారు. నిజాం రాజ్యం అందులో లేదు. హైదరాబాద్ సంస్థానంలో తొలి లెక్కలు 1881లో, దేశమంతటా ఏకకాలంలో జరిగినప్పుడు తీశారు. కాబట్టి తెలంగాణ ఊళ్ల జనాభా 1872 నివేదికలో వెతకొద్దు. కోస్తా, రాయలసీమ జిల్లాలకైతే వెతకొచ్చు. నిజాం రాజ్యంతో మేయోకి ముడిపడిన విషయం వేరే ఉంది. ఆయన వచ్చిన నెలన్నరకే, 1869 ఫిబ్రవరిలో, నిజాం అఫ్జలుద్దౌలా మరణించాడు. రెండున్నరేళ్ల మహబూబ్ అలీఖాన్ గద్దెనెక్కాడు. సాలార్‌జంగ్, షంషుల్ ఉమ్రా కలిసి పాలన చూసే ఏర్పాటు అప్పటిదే.

రైళ్లకు మీటరు గేజి (గేజి అంటే పట్టాల మధ్య దూరం) నిర్ణయం కూడా ఈయన హయాంలోదే. మొదట అనుకున్నది 3 అడుగుల 3 అంగుళాలు. ఇండియాలో మెట్రిక్ కొలతలు పెట్టాలని అప్పుడే ఆలోచన ఉండడంతో దాన్ని సరిగ్గా మీటరు చేశారు. కొలతల చట్టం అటకెక్కింది, గేజి మాత్రం మిగిలింది. గుంతకల్లు-బెజవాడ లైను ఆ గేజితోనే వేశారు.

అపోహ: మేయోని సెల్యులార్ జైల్లో చంపారు.

హత్య 1872 ఫిబ్రవరి 8న జరిగింది. సెల్యులార్ జైలు కట్టడం మొదలైందే 1896లో. ఆయన ఆ రోజు పోర్ట్‌బ్లెయిర్ ఖైదీల స్థావరం తనిఖీకి వచ్చాడు. రాస్, వైపర్ దీవుల్లో కాపలా గట్టిగా పెట్టారు. పని ముగిశాక సాయంత్రం ఎదురుగా ఉన్న హ్యారియట్ కొండ ఎక్కుదామన్నాడు, ఆరోగ్య కేంద్రం కట్టడానికి పనికొస్తుందేమో చూడాలని. దిగేసరికి చీకటి పడింది. కాగడాల వెలుతురులో హోప్‌టౌన్ రేవుకు చేరారు. సూపరింటెండెంటు స్టూవర్ట్ మర్నాటి ఏర్పాట్లు చెప్పడానికి పక్కకు తిరిగాడు. మేయో పడవ వైపు నాలుగడుగులు ముందుకేశాడు. ఆ సందులోనే వెనక నుంచి షేర్ అలీ అఫ్రిదీ కత్తితో వీపులో రెండు పోట్లు పొడిచాడు. మేయో లోతులేని నీళ్లలో పడి, లేచాడు. రేవులో ఉన్న బండి మీద కూర్చోబెట్టారు, కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోయింది. ఆయన భార్య బ్లాంచ్ అప్పుడు గ్లాస్గో యుద్ధనౌక మీద ఉంది.

షేర్ అలీ వహాబీల (ఒక ఇస్లాం సంస్కరణ ఉద్యమం వాళ్లు) కుట్రలో భాగమన్న మాట అప్పుడే పుట్టింది. అంతకు అయిదు నెలల ముందు కలకత్తాలో తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి నార్మన్‌ని కూడా కత్తితో పొడిచి చంపడంతో ఆ అనుమానం పెరిగింది. కుట్ర మాత్రం రుజువు కాలేదు. షేర్ అలీ పెషావర్‌లో ఆంగ్లేయుల దగ్గరే పనిచేసి, పాత కక్షలో ఒకణ్ని చంపిన కేసులో 1867లో శిక్ష పడ్డవాడు. ఆ శిక్ష మీద పగే తనని నడిపించిందని చెప్పాడు. 1872 మార్చి 11న వైపర్ దీవిలో ఉరి తీశారు.

వెంటనే తర్వాతి వైస్రాయ్ నార్త్‌బ్రూక్ వచ్చాడన్నదీ సరికాదు. చట్టం ప్రకారం ముందు కౌన్సిల్ సభ్యుడు జాన్ స్ట్రేచీ, ఆ తర్వాత మద్రాసు గవర్నరు నేపియర్ తాత్కాలికంగా చూశారు. నార్త్‌బ్రూక్ మే నెలలో వచ్చాడు.

అపోహ: ఆయనతో వంశం ఆగిపోయింది.

మృతదేహాన్ని ఐర్లండ్ తీసుకెళ్లి పామర్స్‌టౌన్ దగ్గరి జాన్స్‌టౌన్ పాత చర్చి ఆవరణలో ఖననం చేశారు. పెద్దకొడుకు డెర్మట్ ఏడో ఎర్ల్. ఇంకో కొడుకు మారిస్ నౌకాదళ అధికారి. 1893 జూన్ 22న ఇప్పటి లెబనాన్‌లోని ట్రిపోలీ తీరం దగ్గర మరో నౌక ఢీకొని 358 మందితో మునిగిన విక్టోరియా యుద్ధనౌకకు కెప్టెన్ అతనే. విచారణలో అతని తప్పు లేదని తేలింది. డెర్మట్ స్వతంత్ర ఐర్లండ్ సెనేట్‌లో సభ్యుడైనందుకు, అంతర్యుద్ధంలో 1923 జనవరిలో పామర్స్‌టౌన్ ఇంటిని తగలబెట్టారు. అతనికి పిల్లలు లేరు. 1927లో బిరుదు వైస్రాయ్ తమ్ముళ్లలో మతగురువైన జార్జ్ కొడుకు వాల్టర్ లాంగ్లీ బర్క్‌కి వెళ్లింది. 1930ల కాగితాల్లో కనిపించే ఎర్ల్ ఆఫ్ మేయో ఇతను. వైస్రాయ్‌కి మనవడు కాదు, తమ్ముడి కొడుకు.