కాలువ కట్ట నుంచి బుడమేరు ముంపులోకి: బెజవాడ పేటల ప్లాను వెనుక కథ

2024 సెప్టెంబర్ 1 తెల్లవారేసరికి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్లలో ఉన్నాయి. కృష్ణకు కట్టిన రిటైనింగ్ వాల్ కృష్ణలంకను కాపాడింది. ఉత్తరాన బుడమేరు వాగు మాత్రం ఊళ్లోకి వచ్చేసింది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నుంచి వరదను కృష్ణకు మళ్లించే డైవర్షన్ ఛానల్‌కు మూడు గండ్లు పడ్డాయి. చివరిది పూడేసరికి సెప్టెంబర్ 7 అయింది. ఆ ఛానల్ కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారుతున్న రోజున అందులోని నీళ్లు ఎటు పోవాలి?

వరద సంగతి అందరికీ తెలుసు. మునిగిన కాలనీల్లోకి జనం ఎలా చేరారన్నది మాత్రం పెద్దగా చర్చకు రాలేదు.

బెజవాడలో ఖాళీ జాగా ఎప్పుడూ తక్కువే. దక్షిణాన నది, ఊరి నడుమ కొండలు, వాటి మధ్య బందరు, ఏలూరు, రైవస్ కాలువలు. స్థలం కొనలేని కూలీలు కాలువ కట్టల మీద, కొండవాలులో ఇళ్లు వేసుకున్నారు. బస్తీ పేదల ఇళ్ల కోసం 2001లో కేంద్రం తెచ్చిన వాంబే పథకం కింద, 2005 డిసెంబర్‌లో మొదలైన కేంద్ర నగరాభివృద్ధి పథకం జేఎన్‌యూఆర్‌ఎం కింద పక్కా ఇళ్లు కట్టి, కట్టల మీదివాళ్లను వాటిలోకి తరలించారు. అంత జాగా దొరికింది ఊరి ఉత్తరం వైపే, బుడమేరు పల్లంలో. 2005లో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచాక కూడా జక్కంపూడిలో ఇళ్లు లేచాయి. ఇల్లు ఇస్తామన్నప్పుడు అడిగింది రేషన్ కార్డు. ‘అక్కడ నీళ్లు నిలుస్తాయా?’ అని చుట్టుపక్కల రైతును అడిగి ఉంటే ఒక్క మాటలో చెప్పేవాడు.

అడగాలన్న నిబంధన లేక కాదు. 1975 పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం ప్రకారం మాస్టర్ ప్లాన్ ముసాయిదా ప్రచురించి, గడువులోగా అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. 1978లో విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి కలిపి వీజీటీఎం ఉడా (పట్టణాభివృద్ధి సంస్థ) ఏర్పడింది. 2014లో దాని స్థానంలో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, సీఆర్‌డీఏ, వచ్చింది. సంస్థ మారినా గీసేది ఆఫీసు, అభ్యంతరం చెప్పేది జనం అన్న పద్ధతి మారలేదు. పైగా 1:10,000 స్కేలు పటంలో 3 మీటర్ల సందు మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు. సర్వే నంబర్ల మధ్య తన ఇల్లు ఎక్కడుందో దొరకని మనిషి దేనికి అభ్యంతరం చెబుతాడు?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ దీన్ని తిరగేయాలని చూసింది. 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీల పనుల్లో మొట్టమొదటిది పట్టణ ప్రణాళికే. 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణ చెబుతుంది. అయితే ‘ఒకటి లేదా అంతకంటే ఎక్కువ వార్డులకు’ ఒక కమిటీ చాలని కూడా అక్కడే ఉంది. ఎవరిని వేయాలో రాష్ట్రానికి వదిలేసింది. పది వార్డులకు ఒక కమిటీ వేసినా చట్టం ఒప్పుకుంటుంది, సందు గొడవ మాత్రం దాని ముందుకు రాదు. జేఎన్‌యూఆర్‌ఎం నిధులకు ఏరియా సభల (వార్డులో ఒక్కో ప్రాంతం ఓటర్ల సభల) చట్టం షరతుగా పెట్టారు. చట్టం అయితే వచ్చింది, సభలు అలవాటు కాలేదు.

మధ్యలో ఒక మంచి పద్ధతి కూడా వచ్చింది. 2000 దశకంలో బ్రిటన్ సాయంతో రాష్ట్రంలోని పట్టణాల్లో నడిచిన పేదల సేవల పథకంలో బస్తీలను తొమ్మిది గళ్ల పట్టికలో పెట్టేవారు: అడ్డంగా పేదరికం మూడు మెట్లు, నిలువుగా వసతుల కొరత మూడు మెట్లు. రెండూ ఎక్కువున్న గడికి ముందు డబ్బు. మా బస్తీకి ఎందుకు రాలేదని అడిగినవాళ్లకు గడి చూపించవచ్చు. సిఫార్సుకు ఇందులో చోటు తగ్గుతుంది. బహుశా అందుకే పథకంతో పాటే అదీ పోయింది.

64 డివిజన్ల నగరంలో, 2019 అక్టోబర్ 2న సుమారు 4,000 జనాభాకు ఒకటి చొప్పున వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. ప్లానింగ్ కార్యదర్శి, వసతులు చూసే ఎమెనిటీస్ కార్యదర్శి పోస్టులు అక్కడే పెట్టారు. పేట వాళ్లు తమ ప్లాను తాము గీయాలంటే అంతకంటే దగ్గరి ఆఫీసు లేదు. చేతిలో కాగితం ఉంటేనే మాట సాగుతుంది. అందులో ముందు ఉండాల్సింది మట్టాలు, అంటే ఏ చోటు ఎంత ఎత్తులో ఉందన్న లెక్క.

తాపీ మేస్త్రి దగ్గరుండే లెవెల్ పైపు చాలు. పది మీటర్ల పారదర్శక పైపులో నీళ్లు నింపి, ఒక కొసను కదలని గుర్తు దగ్గర, గుడి అరుగో కల్వర్టు పిట్టగోడో, పట్టుకుని, రెండో కొసను గడపల వెంట జరుపుకుంటూ పోవాలి. పైపు అందనప్పుడు కొలిచిన చివరి చోటునే కొత్త గుర్తుగా పెట్టుకోవాలి. పైపులో చిన్న గాలి బుడగ ఉన్నా కొలత తప్పుతుంది, అందుకే రెండు కొసలూ పక్కపక్కన పట్టి నీళ్లు సమంగా ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి. ప్రతి గడపకూ మూడు అంకెలు: రోడ్డు మట్టం, గడప మట్టం, వరద గీత (నీళ్లు ఎక్కిన ఎత్తు). పాత సీసీ రోడ్డు తవ్వకుండా దాని మీదే 15 సెంటీమీటర్ల కొత్తది వేస్తే, రెండుసార్లకే రోడ్డు అడుగు మేర లేస్తుంది. ఒకప్పుడు అడుగున్నర ఎత్తున్న గడప అరడుగుకు వస్తుంది. ‘మా ఇల్లు పల్లం అయిపోయింది’ అనే మాటకు అర్థం ఇదే.

డ్రెయిన్‌కు 500కు 1 వాలు ఇవ్వాలంటే 100 మీటర్లకు 20 సెంటీమీటర్లు దిగాలి. చివర కలిసే పెద్ద కాలువ నీటి మట్టం అంతకంటే పైన ఉంటే, ఎంత వెడల్పు డ్రెయిన్ కట్టినా నీళ్లు వెనక్కే తంతాయి. అక్కడ అడగాల్సింది ఒకవైపే తెరుచుకునే తలుపు, పంపు. కొత్త డ్రెయిన్ కాదు. కాంట్రాక్టుకు తేలిక కాబట్టి ఎస్టిమేట్‌లోకి ఎక్కేది మాత్రం కొత్త డ్రెయినే.

పేట ప్లాను మీద సభ పెట్టే వేళ కూడా లెక్కలోకి వస్తుంది. ఉదయం పదకొండుకు పిలిస్తే ఆటోనగర్ కార్మికులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు రారు. ఇంటి పన్ను రసీదు చూసి పేర్లు రాస్తే అద్దెవాళ్లు పోతారు, కింది వాటాలో ఎక్కువగా ఉండేది వాళ్లే. 2024 పరిహారంలో గ్రౌండ్ ఫ్లోర్‌కు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయలు ఇచ్చారు. ప్రభుత్వమే ఆ తేడా ఒప్పుకుంది. అందుకని జాబితా ఇంటి నంబరు వారీగా కాక వాటా వారీగా రాయాలి, ఓనరు పేరు పక్కన ప్రస్తుతం ఉంటున్నవాళ్ల పేరు కూడా.