కాయ తల్లిది, గింజ ఇద్దరిది

విజయనగరంలో మా మేడ మీద పదకొండు మిరప కుండీలున్నాయి. మొదట్లో క్యాప్సికం కుండీని, పొడుగు కారం మిరప కుండీని పక్కపక్కనే పెట్టాను. అది చూసి పక్కింటి పిన్ని కంగారు పడింది. "ఏటమ్మా, దాని పక్కన దీన్ని ఎట్టేసినావు? కేప్సికానికీ కారం అంటుకుంటాది" అంది.

ఆ సీజనంతా క్యాప్సికం కోసిన ప్రతిసారీ ఓ ముక్క నాలిక మీద పెట్టుకుని చూశాను. ఒక్క కాయలోనూ కారం లేదు. పిన్ని మాట తప్పని తేల్చేసుకుని, బాగా పండిన ఒక కాయ గింజలు ఎండబెట్టి దాచాను. మరుసటి ఏడు అవే నారు పోస్తే, బతికిన నాలుగు మొక్కల్లో రెండింటికి కాయలు సన్నగా, కొన కోసుగా వచ్చాయి. అవి కూరలో వేసిన రోజు మా చిన్నాడు ఒక ముద్ద తిని, కళ్లనిండా నీళ్లతో మంచినీళ్ల గ్లాసు కోసం పరుగెత్తాడు.

పిన్ని అన్నది నిజమే. కాకపోతే ఒక తరం తర్వాత నిజమైంది. ఎందుకో తెలియాలంటే ఒక మిరపకాయని నిలువుగా కోసి చూడాలి.

పచ్చిమిరపకాయ లోపల తొడిమ దగ్గర మొదలై కిందికి దిగే తెల్లటి మెత్తటి భాగం ఒకటి ఉంటుంది. గింజలన్నీ దానికే అంటుకుని ఉంటాయి. బాగా కారంగా ఉండే కాయనైతే కోసిన వెంటనే వెలుతుర్లో పట్టుకుని చూడండి. ఆ తెల్లటి భాగం మీద పసుపుపచ్చగా, సన్నగా మెరిసే బొబ్బల్లాంటివి కనిపిస్తాయి. కారం ఊరేది అక్కడే. కారాన్నిచ్చే ఆ పదార్థాన్నే క్యాప్సెయిసిన్ అంటారు. గింజల్లో కారం ఉంటుందని అందరం అనుకుంటాం గానీ, గింజ సొంతంగా కారం తయారు చేసుకోదు. ఆ తెల్లటి భాగాన్ని ఆనుకుని ఉండటం వల్ల దానికి కారం పూసుకుంటుంది, అంతే. గింజలు తీసేస్తే కారం తగ్గడానికి కూడా కారణం ఇదే. గింజలతోపాటు తెల్లటి భాగం కూడా ఊడి వచ్చేస్తుంది. కాయ కొన కొరికి చూడండి, తర్వాత తొడిమ వైపు కొరికి చూడండి. ఒకే కాయకి రెండు రుచులు.

ఈ తెల్లటి భాగం, కాయ కండ, పై తొక్క అన్నీ తల్లి మొక్క ఒంటిలోవే. తేనెటీగ ఏ మొక్క పుప్పొడి తెచ్చి పువ్వు మీద వేసినా, ఆ పుప్పొడి కలిసేది లోపలి గింజలోనే. అందుకే కారం మిరప పుప్పొడి పడిన క్యాప్సికం పువ్వుకి కూడా చప్పటి కాయే కాస్తుంది. ఆ కాయలోని గింజలు మాత్రం ఇద్దరి పిల్లలు. కారం తయారీకి పన్1 అనే జన్యువు కావాలి. క్యాప్సికంలో ఆ జన్యువులో ఒక ముక్క ఎగిరిపోయి అది పనిచేయదు. కానీ తండ్రి నుంచి పనిచేసే జన్యువు ఒక్కటి వచ్చినా పిల్ల మొక్కకి కారం వచ్చేస్తుంది. మా కూరలో పడినవి ఆ పిల్లలే.

నీళ్లు తాగినా మా చిన్నాడికి మంట తగ్గలేదు. క్యాప్సెయిసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పైగా అది నాలికని నిజంగా కాల్చదు. మన నరాల్లో 43 డిగ్రీలకి మించిన వేడి తగిలితే తెరుచుకునే ఒక ద్వారం ఉంది. క్యాప్సెయిసిన్ వచ్చి ఆ ద్వారాన్నే తెరుస్తుంది. దాంతో మెదడు నోరు కాలుతోందని అనుకుంటుంది. అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ ద్వారాన్ని కనిపెట్టింది. ఆయనకి 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పాలల్లో, పెరుగులో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ క్యాప్సెయిసిన్‌ని పట్టుకుని నాలిక మీంచి లాగేస్తుంది. మజ్జిగ పోసి కలిపిన చోడి (రాగి) అంబలిలో పచ్చిమిరపకాయ నంజుకునే మనవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు.

ఇంతగా మనదైపోయిన మిరప నిజానికి ఇక్కడిది కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. పోర్చుగీసువాళ్లు 1498లో కాలికట్ చేరాకే, వాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన వంటల్లో ఘాటంటే మిరియాలూ పిప్పళ్లే. కొత్తగా వచ్చిన కాయకి మిరియం పేరునే కాస్త మార్చి పెట్టుకున్నాం. ఇప్పటికీ చాలా ఇళ్లలో తద్దినం వంటలో మిరపకాయ పడదు, మిరియమే. నాకైతే ఆ వంట ఐదు వందల ఏళ్ల కిందటి వంటిల్లు చూసినట్టు ఉంటుంది.

మనుషులు సాగులోకి తెచ్చుకున్న మిరప జాతులు ఐదు. పువ్వు చూసి చాలావరకు పోల్చుకోవచ్చు. గుంటూరు మిరప, బ్యాడిగి, బజ్జీ మిరప, క్యాప్సికం నాలుగూ ఒకే జాతి. ఆకు మొదలు దగ్గర మామూలుగా ఒక్కొక్క తెల్ల పువ్వే పూస్తుంది. ఆకాశం వైపు నిక్కి నిలబడే చిట్టి మిరప ఇంకో జాతి, దాని పువ్వులో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. అస్సాం, నాగాలాండ్ వైపు పండే భూత్ జోలోకియాలో ఎక్కువగా మరో జాతి లక్షణాలే. ఒకే కణుపు దగ్గర రెండు మూడు పువ్వులు వేలాడతాయి. రేకుల మీద పసుపు మచ్చలుండేది నాలుగోది. ఊదా పువ్వు, నల్ల గింజ ఉండేది ఐదోది. అది చల్లటి కొండల మొక్క, మన ఎండకి ఆగదు.

కారం కొలతకి 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు ఒక పద్ధతి పెట్టాడు. మిరప సారంలో చక్కెర నీళ్లు కలుపుతూ పోవాలి, నాలికకి మంట తెలియకుండా పోవడానికి ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వచ్చిందో అదే దాని అంకె. క్యాప్సికానికి సున్నా. గుంటూరు సన్నానికి సుమారు 35 నుంచి 40 వేలు. భూత్ జోలోకియాది 10 లక్షలు దాటుతుంది. మా మేడ మీద ఆ మొక్క ఒకటి ఉంది. దాని కాయ కోసేటప్పుడు చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుంటాను.

చిట్టి మిరప మాత్రం నేను వేసింది కాదు. పిట్టగోడ పగుల్లో దానంతటదే మొలిచింది. ఏదో పిట్ట తెచ్చిన గింజే అయ్యుంటుంది. పక్షుల నరాల్లోనూ ఆ వేడి ద్వారం ఉంది గానీ, క్యాప్సెయిసిన్‌కి అది తెరుచుకోదు. ఎర్రటి కాయని పండులా మింగి, గింజని చెక్కుచెదరకుండా ఇంకో చోట వేసి వస్తాయి. ఎలుకలైతే గింజని నమిలి పాడుచేస్తాయి. అంటే ఈ కారం నమిలేవాళ్లని తరిమి, మింగేవాళ్లని పిలవడానికి మొక్క పెట్టుకున్న ఏర్పాటు. గింజని కుళ్లబెట్టే బూజుని కూడా అది కొంత అడ్డుకుంటుంది.

మన తీరంలో దసరా తర్వాత వచ్చే సిరిమాను పండగ అయ్యాక, వానలు కాస్త తెరిపిచ్చినప్పుడు నారు నాటితే మంచిది. ఎండలు 35 డిగ్రీలు దాటాక పూత నిలవదు, టప టపా రాలిపోతుంది. క్యాప్సికం ఇంకా సుకుమారం. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండూ ఆకు అడుగునే దాక్కుంటాయి కాబట్టి వేప నూనె కూడా అడుగునే పిచికారీ చేయాలి. నీళ్లు మరీ ఎక్కువైతే వేరు కుళ్లుతుంది. కొంచెం దాహం మీద పెరిగిన మొక్క కాయకి కారం ఎక్కువ.

విత్తనం దాచుకోవాలంటే ఇప్పుడు నేనొక పని చేస్తున్నాను. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలకి ముందు రోజు సాయంత్రమే పల్చటి గుడ్డ సంచి తొడుగుతాను. మిరప పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి, ఇంకో మొక్క అవసరం లేదు. పొద్దున్న సంచి మీద వేలితో రెండుసార్లు తడితే చాలు, దాని పుప్పొడి దాని మీదే పడుతుంది. పిందె కట్టగానే సంచి తీసి, తొడిమకి ఎర్ర దారం కడతాను. ఆ దారం ఉన్న కాయ కూరకి కోయకూడదని ఇంట్లో అందరికీ తెలుసు.

సన్నకాయలు కాసిన ఆ రెండు మొక్కల్ని పీకలేదు. వాటి పువ్వులకీ సంచులు కట్టాను. వాటిలో పనిచేసే జన్యువు ఒకటి, పనిచేయనిది ఒకటి ఉన్నాయి కాబట్టి, వాటి పిల్లల్లో సగటున నాలుగింటికి ఒకటి మళ్లీ చప్పగా రావాలి. ఈసారి ఇరవై నారు మొక్కలు లేచాయి. పిన్ని వాటిలో ఐదు తీసుకెళ్లి తన కుండీల్లో నాటుకుంది. కాయలు దిగాక రెండిళ్లవాళ్లం కూర్చుని, ఒక్కో మొక్కదీ ఒక్కో కాయ కోసి, తొడిమ వైపు నుంచి రుచి చూడాలి. మజ్జిగ ఆవిడ తెస్తానంది.